ఎవరి గడువు తీరింది?

పోచంపల్లి నుంచి హైదరాబాద్‌కు సుమారు 50 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోచంపల్లి మీసేవ కేంద్రంలో మీట నొక్కితే ఆ కబురు హైదరాబాద్‌లో ఉన్న సర్వర్‌ను తాకి, జవాబు పట్టుకుని తిరిగి రావడానికి అర మిల్లీసెకను చాలు. మధ్యలో రౌటర్లూ స్విచ్‌లూ వంకర దారులూ కలిసి దాన్ని ఇరవై రెట్లు చేసినా పది మిల్లీసెకన్లు దాటదు. అయినా తెర మీద చక్రం ముప్పై సెకన్లు తిరిగి తిరిగి, ఆఖరుకు ‘కనెక్షన్ టైమ్ అవుట్’ అని ఆగిపోతుంది. బల్ల అవతల కూర్చున్నాయన ‘సర్వర్ వస్తలేదు, రేపు రాండ్రి’ అంటాడు. ఆ ముప్పై సెకన్లలో కాంతి ఆ దారి వెంట 60 వేల సార్లు పోయి రాగలదు. మరి అంత సమయం ఎక్కడ పోయినట్టు?

దూరంలో అయితే పోలేదు. ఎక్కడో ఎవరో ఎదురుచూస్తూ గడిపారు. టైమ్ అవుట్ అన్న కబురులో ఉన్న నిజం అంతవరకే. ‘ఇంతసేపు చూశాను, జవాబు రాలేదు, ఇక చూడను’ అని ఒక ప్రోగ్రామ్ చెప్పి తప్పుకుంది. అవతలివాడు చచ్చాడని గానీ, దారి తెగిందని గానీ, పని జరగలేదని గానీ అది చెప్పలేదు. మనమే ఆ మూడింటినీ కలిపి ‘సర్వర్ డౌన్’ అనేస్తాం. మగ్గం దిగి, ఆ పూట కూలి వదులుకుని వచ్చిన మనిషికి ఆ ఒక్క మాటే జవాబవుతుంది. ఆ మాట వెనక నిజంగా ఏం జరిగిందో పట్టుకునే పద్ధతి ఒకటుంది. అది అంత కష్టమైనదీ కాదు.

పోచంపల్లిలో ఈ విషయానికి మరికాస్త బరువుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానన్న ఊరు ఇది. భూదానోద్యమం అక్కడే పుట్టింది. భూమి ఇస్తానన్న మాట కాగితం ఎక్కితేనే హక్కవుతుంది. ఆ కాగితం ఇవాళ డేటాబేస్‌లో ఒక వరుస. 1998లో ఉమ్మడి రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖ ‘కార్డ్’ ప్రాజెక్టుతో కంప్యూటర్లలోకి వచ్చినప్పుడు ఏ ఆఫీసు యంత్రం ఆ ఆఫీసులోనే ఉండేది. అది మొరాయిస్తే ఆ ఒక్క ఆఫీసే ఆగేది. 2011లో మీసేవ వచ్చింది. 2020 అక్టోబర్ 29న మొదలైన ధరణితో వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తహసీల్దారు ఆఫీసులో ఒకే పూటలో జరిగే ఏర్పాటు వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని చోట భూభారతి వచ్చింది. లెక్కలన్నీ ఒక్క చోటికి చేరడం వల్ల ఒనగూడింది చాలా ఉంది. దానితో పాటు, అన్ని మండలాల అడుగులూ ఒకే గుమ్మం ముందు కలిసే పరిస్థితి కూడా వచ్చింది. అలాంటి కేంద్రీకృత వ్యవస్థ ఏదైనా సరే, అది ప్రభుత్వానిదైనా బ్యాంకుదైనా చీరలమ్మే వెబ్‌సైటుదైనా, దాని గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం.

తెర మీద మీట నొక్కగానే మొదటి పని పేరును అడ్రసుగా మార్చుకోవడం. పేర్ల సర్వర్ పలకకపోతే లినక్స్ యంత్రం మామూలుగా 5 సెకన్లు చూసి మళ్లీ అడుగుతుంది. అడ్రసు దొరికాక అవతలి యంత్రానికి ‘మాట్లాడదామా’ అని ఒక ప్యాకెట్ పోతుంది. జవాబు రాకపోతే ఒక సెకను ఆగి మళ్లీ, రెండు ఆగి మళ్లీ, ఆపై 4, 8, 16, 32 ఆగి పంపుతుంది. చివరిదానికి 64 సెకన్లు చూసి విరమిస్తుంది. మొత్తం కలిపితే 127 సెకన్లు. లినక్స్‌లో చాలా ఏళ్లుగా నడిచిన లెక్క ఇది. దారి కుదిరాక డేటాబేస్ లోపలికి రానివ్వాలి. మైఎస్‌క్యూఎల్ అయితే ఈ పలకరింపు తతంగానికి 10 సెకన్లు ఇస్తుంది. జావాలో రాసిన అప్లికేషన్లు చాలావరకు హికారీ అనే కనెక్షన్ పూల్, అంటే ముందే తెరిచి పెట్టుకున్న కొద్ది కనెక్షన్ల గుంపు, వాడతాయి. పూల్‌లో కనెక్షన్ ఖాళీ లేకపోతే 30 సెకన్లు చూసి చేతులెత్తేస్తుంది. లోపలికి పోయాక వరుస మీద ఇంకెవరిదో తాళం ఉంటే మైఎస్‌క్యూఎల్ 50 సెకన్లు ఓపిక పడుతుంది. ఇదంతా జరుగుతుండగా ముందు వాకిట్లో నిలబడ్డ ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్ 60 సెకన్లకు విసిగి బ్రౌజర్‌కు జవాబు చెప్పేస్తుంది.

ఈ అంకెలను ఎవరూ మార్చని చోట, మార్చినా ఏం మార్చారో రాసి పెట్టుకున్న చోట, ఎన్ని సెకన్లకు ఆగిందన్న లెక్కే ఎవరి గడువు తీరిందో చెప్పేస్తుంది. ముప్పైకి ఆగితే పూల్ దగ్గర చూడాలి. యాభైకి ఆగితే తాళం. సరిగ్గా 127 అయితే డేటాబేస్ గురించి ఒక్క మాట కూడా మాట్లాడక్కర్లేదు, ప్యాకెట్లే అక్కడికి చేరలేదు. పని ప్రతిసారీ ఐదు సెకన్లు ఆలస్యంగా మొదలై ఆపై చకచకా సాగితే పేర్ల సర్వర్‌ను అనుమానించాలి. సమస్య వచ్చిందని ఫోను రాగానే మొదట అడగాల్సిన ప్రశ్న ‘ఏమని వచ్చింది’ కాదని, ‘ఎంతసేపటికి వచ్చింది’ అని నా నమ్మకం. చాలా ఆఫీసుల్లో ఈ ప్రశ్న అడగరు. సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తారు. రీస్టార్ట్‌తో పని మొదలవుతుంది, కారణం చెరిగిపోతుంది, వారానికి మళ్లీ అదే తంతు.

ఎంతసేపు అన్నదానిలోనే ఇంకో తేడా దాగి ఉంది. ‘కనెక్షన్ నిరాకరించారు’ అని రావడం వేరు, మౌనం వేరు. లినక్స్‌లో మొదటిదాని నంబరు 111, రెండోదాని నంబరు 110. నిరాకరణ మిల్లీసెకన్లలో వస్తుంది. చాలావరకు దాని అర్థం యంత్రం బతికే ఉంది, దారీ బాగుంది, ఆ పోర్టు దగ్గర వినేవాళ్లే లేరు అని. డేటాబేస్ ప్రోగ్రామ్ ఆగిపోయి ఉండొచ్చు, లేదా వేరే పోర్టులో నడుస్తుండొచ్చు. మౌనం అలా కాదు. యంత్రమే పడిపోయిందో, మధ్యలో ఫైర్‌వాల్ ప్యాకెట్లను చప్పుడు లేకుండా పారేస్తోందో. ఒకే రోజు, ఒకే తెర మీద ఈ రెండూ ‘డేటాబేస్ అందుబాటులో లేదు’ అన్న ఒకే వాక్యంగా మారిపోవడం ప్రోగ్రామ్ రాసినవాళ్లు మనకు చేసే అన్యాయం. అసలు నంబరును దాచకుండా లాగ్‌లో రాయడం పది నిమిషాల పని.

ఇప్పుడు అసలు రద్దీ దగ్గరికి వద్దాం. డేటాబేస్‌కు ఒకేసారి ఎన్ని కనెక్షన్లు ఉండొచ్చో ఒక హద్దుంటుంది. పోస్ట్‌గ్రెస్‌కు మామూలుగా 100, మైఎస్‌క్యూఎల్‌కు 151. హద్దు నిండిందన్న కబురు కనిపించగానే ఎవరికైనా తోచేది దాన్ని వెయ్యి చేద్దామనే. పోచంపల్లిలో నాలుగు మగ్గాలున్న షెడ్డులోకి నలభై మంది నేతగాళ్లను పిలిస్తే చీరలు పదింతలు రావు. నలుగురు నేస్తారు, ముప్పై ఆరు మంది నిలబడతారు, నేసేవాళ్లకు నూలు అందించే దారి కూడా మూసుకుంటుంది. డేటాబేస్ యంత్రంలో మగ్గాలంటే ప్రాసెసర్ కోర్లు, డిస్కులు. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షనూ ఒక ప్రత్యేక ప్రాసెస్. అది ఖాళీగా ఉన్నా కొంత మెమరీ తింటుంది. ఎనిమిది కోర్ల యంత్రం మీద వెయ్యి కనెక్షన్లు ఒకేసారి పనికి దిగితే అన్నిటి వేగమూ పడిపోతుంది. అందుకే అప్లికేషన్ తన దగ్గర కొద్ది కనెక్షన్లనే తెరిచి పెట్టుకుని, వాటినే అందరికీ వంతులవారీగా ఇస్తుంది. అదే పూల్. హికారీలో అలా ఇచ్చే సంఖ్య మామూలుగా 10 మాత్రమే. చూసినవాళ్లకు చిన్నదనిపిస్తుంది గానీ, లెక్క వేస్తే అది ఎంత పని చేస్తుందో తెలుస్తుంది.

ఆ లెక్కకు ఆధారం జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన సూత్రం. ఒక సెకనుకు వచ్చే పనులను ఒక్కో పనికి పట్టే సమయంతో గుణిస్తే, ఏ క్షణంలోనైనా సగటున లోపల ఎన్ని పనులున్నాయో వస్తుంది. సెకనుకు 200 అభ్యర్థనలు, ఒక్కోదానికి 50 మిల్లీసెకన్లు అనుకుందాం. 200ను 0.05తో గుణిస్తే 10. పది కనెక్షన్లతో సరిగ్గా సరిపోతుంది. అభ్యర్థనలు ఒక్కటీ పెరగకుండా, ఏదో ఒక క్వెరీకి ఇండెక్స్ లేకపోవడం వల్ల పని 50 మిల్లీసెకన్ల నుంచి అర సెకనుకు మందగించిందనుకోండి. ఇప్పుడు 100 కనెక్షన్లు కావాలి. ఒక సెకనుకు మందగిస్తే 200. జనం పెరగలేదు, యంత్రం చెడలేదు, కానీ పూల్ ముందు వరుస పెరిగిపోయింది. కనెక్షన్ దొరకక టైమ్ అవుట్ వచ్చిన చోట నిజమైన నేరస్తుడు చాలాసార్లు నెమ్మదించిన క్వెరీయే అవుతుంది.

పైగా సరిగ్గా సరిపోవడం కూడా మంచిది కాదు. టెలిఫోన్ ఎక్స్చేంజీల్లో కాల్స్ రద్దీని లెక్కగట్టడానికి డెన్మార్క్ గణితజ్ఞుడు ఎ.కె.ఎర్లాంగ్ 1909లో మొదలుపెట్టిన శాస్త్రం దీన్ని స్పష్టంగా చెబుతుంది. సులువైన నమూనాలో, అభ్యర్థనలు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే చోట, సర్వర్ సగం తీరికగా ఉంటే ఒక పని ముగియడానికి దాని అసలు సమయానికి రెట్టింపు పడుతుంది. 90 శాతం నిండితే పదింతలు. 95 శాతానికి ఇరవై ఇంతలు. 99 శాతానికి నూరింతలు. ‘నిన్నటిదాకా బానే ఉంది, ఈ రోజు ఒక్కసారిగా పడిపోయింది’ అనే మాట వెనక తరచు ఉండేది ఈ వంపే. నిన్న 90 దగ్గర ఉండి ఇవాళ 97కు చేరింది. పెరిగింది ఏడు పాళ్లే, ఎదురుచూపు మాత్రం మూడింతలు దాటింది.

క్వెరీ నెమ్మదించకుండానే ఇంకో రకంగా పూల్ ఖాళీ అవుతుంది. ఒక ప్రోగ్రామ్ లావాదేవీ మొదలుపెట్టి, ఒక వరుసను తాళం వేసుకుని, ఆపై వేరే చోటికి, అంటే వేలిముద్రల సర్వర్‌కో చెల్లింపుల గేట్‌వేకో ఫోను కలిపి అక్కడి జవాబు కోసం కూర్చుంటుంది. డేటాబేస్ కళ్లకు ఆ కనెక్షన్ ఖాళీగానే ఉంటుంది, కానీ తాళం వదలదు. పోస్ట్‌గ్రెస్ దీన్ని ‘లావాదేవీలో ఊరికే కూర్చుంది’ అనే అర్థమిచ్చే గుర్తుతో చూపిస్తుంది. దానికి గడువు పెట్టే వీలు ఉంది గానీ, మామూలుగా అది సున్నా, అంటే ఎప్పటికీ పంపించదు. ఒక రిజిస్ట్రేషన్‌లో హక్కు మారడం, పాస్ పుస్తకం మారడం ఒకే లావాదేవీగా జరగాలి, నిజమే. బయటి జవాబు కోసం చూసే పని మాత్రం ఆ లావాదేవీకి ముందో తర్వాతో ఉండాలి, మధ్యలో ఉండకూడదు.

ఇన్ని గడియారాల మధ్య ఏది ఆగిందో చూసి చెప్పడానికే సర్వర్ల మీద నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్లు పుట్టాయి. లాత్వియాకు చెందిన అలెక్సీ వ్లాదిషెవ్ రాసిన జాబిక్స్ 2001లో జనంలోకి వచ్చింది. ప్రపంచమంతా ఆఫీసుల్లో గోడకు తగిలించిన తెరల మీద ఎర్రగా పచ్చగా వెలిగే పట్టీలు చాలావరకు అలాంటివాటివే. అయితే ఇక్కడే విషయం చిక్కబడుతుంది. నిఘా సాఫ్ట్‌వేర్ తను కొలిచిన ప్రతి అంకెనూ ఇంకో డేటాబేస్‌లో దాచుకుంటుంది. వెయ్యి యంత్రాలు, ఒక్కోదాని మీద నూరు కొలతలు, నిమిషానికోసారి తీసుకుంటే రోజుకు 14 కోట్ల 40 లక్షల వరుసలు. అది కాపలా కాసే భూముల లెక్క కంటే దాని సొంత లెక్కే పెద్దదైపోవచ్చు. ఆ డేటాబేస్ నెమ్మదించి కనెక్షన్ తెగితే జాబిక్స్ తన లాగ్‌లో ‘డేటాబేస్ పడిపోయింది, పది సెకన్లలో మళ్లీ ప్రయత్నిస్తాను’ అని రాసుకుంటుంది. చదివినవాళ్లు ఊళ్లకు సేవలందించే డేటాబేస్ పడిపోయిందని కంగారు పడతారు. పడింది నిఘాదారు డేటాబేస్.

గోడ మీది తెర అంతా ఒకేసారి ఎర్రబడితే గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. వెయ్యి యంత్రాలు ఒకే సెకనులో చావవు. అన్నీ ఒకే క్షణంలో మౌనం పట్టినట్టు కనిపిస్తే, మౌనం పట్టింది చూసేవాడి చెవి. గ్రాఫ్‌లో గీత కింద పడిపోవడం వేరు, గీతే లేకుండా ఖాళీ ఉండటం వేరు. మొదటిది కొలత, రెండోది కొలత లేకపోవడం. ఆ ఖాళీని సున్నాగా చదివిన రోజున తప్పుడు యంత్రాన్ని రీస్టార్ట్ చేస్తారు.

గంట గంటకూ ఒకే నిమిషానికి టైమ్ అవుట్లు వస్తున్నాయంటే ఇంకో కారణం వెతకాలి. జాబిక్స్ పాత లెక్కలను గంటకోసారి ఊడ్చి పారేస్తుంది. సర్వర్ మొదలైన అరగంటకు మొదటి ఊడ్పు, ఆపై గంటకొకటి. కోట్ల వరుసల పట్టిక నుంచి లక్షల వరుసలు తుడిచే ఆ పనికి డిస్కు మొత్తం బిగుసుకుపోతుంది, కొత్త కొలతలు రాయడం ఆగిపోతుంది. సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే ఊడ్పు వేళ మారి, టైమ్ అవుట్లు ఇంకో నిమిషానికి జరుగుతాయి. జరిగాయంటే అనుమానం రుజువైనట్టే. పట్టికను రోజులవారీ ముక్కలుగా విడగొట్టి, పాత రోజు ముక్కను ఒక్క దెబ్బతో తీసేయడం దీనికి తెలిసిన పరిష్కారం. లక్షల వరుసలను ఒక్కొక్కటిగా తుడిచే బాధ తప్పుతుంది.

నిఘా సాఫ్ట్‌వేరే సమస్యను తెచ్చే సందర్భం ఒకటుంది. ‘పోర్టు తెరిచి ఉందా’ అని చూడటానికి కొన్ని పరికరాలు డేటాబేస్ తలుపు తట్టి, లోపలి మనిషి పలకరించే లోపే వెళ్లిపోతాయి. మైఎస్‌క్యూఎల్ దీన్ని తెగిపోయిన పలకరింపుగా లెక్కిస్తుంది. మధ్యలో ఒక్కసారి కూడా సరైన కనెక్షన్ లేకుండా అలాంటివి వరుసగా 100 దాటితే ఆ యంత్రాన్ని అనుమానితుల జాబితాలో వేసి ఇక లోపలికి రానివ్వదు. ఆరోగ్యంగా ఉన్న డేటాబేస్‌ను రోజంతా తట్టి తట్టి, చివరికి అది పలకడం లేదని అలారం మోగించడమన్నమాట. తలుపు తట్టేవాడు లోపలికి వెళ్లి, పేరు చెప్పి, ఒక చిన్న ప్రశ్న అడిగి, జవాబు తీసుకుని, వీడ్కోలు చెప్పి రావాలి. అలా చేసిన తనిఖీయే తనిఖీ.

కనెక్షన్లు నిండిపోయినప్పుడు నిఘాదారుకే చోటు దొరకకపోవడం ఇంకో ఇబ్బంది. అన్ని వేళల కంటే అప్పుడే దాని అవసరం ఎక్కువ. పోస్ట్‌గ్రెస్ 3 కనెక్షన్లను పెద్ద అధికారమున్న ఖాతాలకు పక్కన పెడుతుంది. మైఎస్‌క్యూఎల్ హద్దు మీద ఇంకొకటి ఇస్తుంది. 2023లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 16లో మామూలు ఖాతాలకు కూడా అలా కొన్ని కేటాయించే వీలు వచ్చింది. నిఘా ఖాతాకు పూర్తి అధికారాలు ఇవ్వకుండానే ఒక చోటు దక్కుతుంది. అయినా అప్లికేషన్లన్నీ అదే పెద్ద ఖాతాతో నడిచే చోట ఈ కేటాయింపులకు అర్థమే ఉండదు. ఆ ఒక్క అలవాటు మానుకుంటే సగం చీకటి రాత్రులు తప్పుతాయి.

ఇక పొద్దున్నే వచ్చే మొదటి మనిషి బాధ. రాత్రంతా ఎవరూ వాడని కనెక్షన్‌ను మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ తన జాబితా నుంచి తీసేస్తుంది. ఇరువైపులా ఎవరికీ చెప్పదు. అమెజాన్ క్లౌడ్‌లోని నాట్ గేట్‌వే 350 సెకన్ల నిశ్శబ్దానికే తీసేస్తుంది. లినక్స్ మాత్రం ‘ఉన్నావా’ అని పలకరించేది మామూలుగా 7,200 సెకన్లకు, అంటే రెండు గంటలకు. అదీ అడగమని ప్రోగ్రామ్ ముందే చెప్పి ఉంటేనే. పూల్ దృష్టిలో ఆ కనెక్షన్ బతికే ఉంది. పొద్దున పదింటికి మొదటి అభ్యర్థన దాని మీదే పోతుంది. ఫైర్‌వాల్ దాన్ని చప్పుడు లేకుండా పారేస్తే జవాబు రాదు. లినక్స్ అదే ప్యాకెట్‌ను పదిహేను సార్లు మళ్లీ మళ్లీ పంపి, దాదాపు పావుగంట తర్వాత గానీ చచ్చిందని ఒప్పుకోదు. ఈ లోపు పై గడియారాలన్నీ తీరిపోతాయి. రెండో మనిషికో మూడో మనిషికో కొత్త కనెక్షన్ దొరికి పని సాఫీగా సాగుతుంది. ‘ఇప్పుడు వచ్చింది సర్వర్’ అంటారు. పలకరింపు వేళను ఫైర్‌వాల్ గడువు కంటే తక్కువ చేస్తే, లేదా పూల్‌లో కనెక్షన్ ఆయుష్షును దానికంటే తగ్గిస్తే ఆ మొదటి మనిషి పని కూడా జరుగుతుంది.

పెద్ద ప్రమాదం మాత్రం టైమ్ అవుట్ వచ్చిన తర్వాత మనం చేసే పనిలో ఉంది. జవాబు రాలేదు కాబట్టి మళ్లీ అడుగుతాం. బ్రౌజర్ మూడుసార్లు అడిగి, ఒక్కోదానికి అప్లికేషన్ మూడుసార్లు, ఒక్కోదానికి డేటాబేస్ డ్రైవర్ మూడుసార్లు ప్రయత్నిస్తే ఒక్క మనిషి నొక్కిన మీట 27 అభ్యర్థనలవుతుంది. నెమ్మదించిన సర్వర్ మీద ఇరవై ఏడింతల బరువు. 2025 ఏప్రిల్ 12, శనివారం నాడు దేశమంతటా యూపీఐ గంటల తరబడి తడబడింది. పోచంపల్లి చీరల దుకాణంలోనైనా హైదరాబాద్ చాయ్ బండి దగ్గరైనా ఆ రోజు చాలా చెల్లింపులు గాల్లో నిలిచాయి. దాన్ని నడిపే ఎన్‌పీసీఐ తేల్చిన కారణం, ‘ఆ లావాదేవీ ఏమైంది’ అని బ్యాంకుల వైపు నుంచి వెల్లువలా వచ్చిన విచారణలు. పాత లావాదేవీల గురించి కూడా కొన్ని బ్యాంకులు మళ్లీ మళ్లీ అడిగాయి. చెల్లింపుల కంటే చెల్లింపుల సంగతి అడిగే ప్రశ్నలే వ్యవస్థను ముంచాయన్నమాట. ఆ ఏడాది చెప్పిన నియమం ప్రకారం మొదటి విచారణకు 90 సెకన్లు ఆగాల్సి ఉండేది, రెండు గంటల్లో మూడుసార్లకు మించి అడగడానికి వీల్లేదు. ఇంజనీర్లు ఇదే పనిని ఇంకాస్త నేర్పుగా చేస్తారు. ఒక్కో ప్రయత్నానికి విరామాన్ని రెట్టింపు చేస్తూ, అందులో కొంత యాదృచ్ఛికతను కలుపుతారు. లేకపోతే వెయ్యి మందీ ఒకే సెకనులో ఆగి, మళ్లీ ఒకే సెకనులో విరుచుకుపడతారు.

గడువుల మధ్య వరుస కూడా తప్పకూడదు. బయటిది పెద్దది, లోపలిది చిన్నది కావాలి. బ్రౌజర్‌కు 60 సెకన్లు, అప్లికేషన్‌కు 30, డేటాబేస్ క్వెరీకి 10 అనుకుంటే, లోపలి పని ముందు ఆగి కారణం బయటికి చెబుతుంది. తలకిందులైతే బ్రౌజర్ వెళ్లిపోతుంది, క్వెరీ మాత్రం ఎవరికోసమో తెలియకుండా నడుస్తూనే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో క్వెరీ గడువు మామూలుగా సున్నా, అంటే హద్దు లేదు. అందుకే టైమ్ అవుట్ వస్తోందని అప్లికేషన్ గడువు ఒక్కదాన్నే పెంచితే మేలు జరగదు. ఎదురుచూపు పొడవవుతుంది, పూల్ ఇంకా ఎక్కువ సేపు నిండి ఉంటుంది.

కాపలాదారు తను కాసే ఇంటి పునాది మీదే నిలబడకూడదన్నది 2021లో ప్రపంచం మళ్లీ నేర్చుకుంది. ఆ అక్టోబర్ నెలాఖరులో రోబ్లాక్స్ ఆటల వేదిక 73 గంటల పాటు మూతబడింది. సర్వర్లు ఒకదాన్నొకటి కనుక్కోవడానికి వాడే కాన్సల్ అనే భాగం బరువెక్కి కూలింది. వాళ్ల నిఘా వ్యవస్థలు కూడా దాని మీదే ఆధారపడి ఉండటంతో, ఏం జరుగుతోందో చూసే కళ్లు సరిగ్గా ఆ సమయానికే మసకబారాయి. ఆ సంగతిని వాళ్లే తర్వాత వివరంగా రాసి ప్రచురించారు. అలా రాసి అందరి ముందూ పెట్టడం నాకు గొప్పగా అనిపిస్తుంది. మన జనం రోజూ వాడే సేవల్లో అంతరాయం వచ్చినప్పుడు కూడా, అది ఎందుకు వచ్చిందో తెలుగులో ఒక పేజీ రాసి పెట్టే అలవాటు రావాలి.

ఇవన్నీ సరిచేసినా టైమ్ అవుట్లు పూర్తిగా పోవు. పోవడానికి వీల్లేని ఒక చిక్కు మిగులుతుంది. చదివే పనికి గడువు తీరితే నష్టం లేదు, మళ్లీ చదవొచ్చు. రాసే పనికి తీరితే? డేటాబేస్ వరుసను మార్చి, తాళం తీసి, ‘అయింది’ అని చెప్పిన జవాబు దారిలో పోయి ఉండొచ్చు. అసలు అభ్యర్థనే చేరకపోయి ఉండొచ్చు. బయట నిలబడ్డవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. చలాన్ సొమ్ము ఖాతా నుంచి పోయి, తెర మీద ఏమీ రాని మనిషికి ఈ తేడాయే సర్వస్వం. ఇంజనీర్ల దగ్గర దీనికి జవాబుంది. పని మొదలుపెట్టక ముందే దానికి ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి దాచుకోవాలి. అదే సంఖ్యతో రెండోసారి వస్తే డేటాబేస్ కొత్తగా రాయదు, మొదటిసారి ఏమైందో చెబుతుంది. అప్పుడు ఎన్నిసార్లు నొక్కినా భూమి ఒక్కసారే మారుతుంది, సొమ్ము ఒక్కసారే పోతుంది.

డబ్బు విషయంలో ఈ హామీ కాగితం మీద ఉంది. దుకాణంలో యూపీఐతో చెల్లించిన సొమ్ము ఖాతాలో తగ్గి, అవతలికి చేరినట్టు ఖరారు కాకపోతే ఐదు రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబర్‌లోనే నిర్దేశించింది. పాస్ పుస్తకానికో కులం సర్టిఫికెట్‌కో దరఖాస్తు పెట్టుకునే మనిషికి కూడా అలాంటి హక్కు కావాలి. చక్రం తిరగడం మొదలయ్యే ముందే చేతికి ఒక నంబరు రావాలి. గడువు తీరినా ఆ నంబరు ఫోనుకు వెళ్లాలి. సాయంత్రానికి ‘మీ దరఖాస్తు నమోదైంది’ అనో ‘నమోదు కాలేదు, సొమ్ము వెనక్కి వస్తుంది’ అనో స్పష్టంగా ఒక కబురు రావాలి. రెండింట్లో ఏది వచ్చినా, మర్నాడు మగ్గం వదిలి మళ్లీ వరుసలో నిలబడాలో అక్కర్లేదో ఆ మనిషికి ఇంటి దగ్గరే తెలుస్తుంది.